కుంతున్సే డిష్‌కు గ్రీజు ఎవరు పెడతారు?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను అధ్యక్షులవారు పేరుపేరునా తలుచుకున్నారు కనుక నేరుగా విషయానికొస్తాను.

"చుక్కలు లెక్కపెడితే కడుపు నిండుతుందా?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు వెతకడానికే అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య 2011లో దక్షిణాఫ్రికాతో కలిసి కేప్‌టౌన్‌లో ఒక కార్యాలయం తెరిచింది. ఖగోళశాస్త్రాన్ని అభివృద్ధికి వాడే ప్రాజెక్టులను ఏటా పిలిచి, కొన్నిటికి చిన్న మొత్తాలు ఇస్తుంది. ఆ కార్యాలయం గురించే మాట్లాడాలి. కానీ ముందు ఘనాలోని ఒక డిష్ సంగతి చెప్పనివ్వండి.

ఘనా రాజధాని అక్రా దగ్గర కుంతున్సేలో 32 మీటర్ల డిష్ ఉంది. ఉపగ్రహాల ద్వారా ఫోన్లు కలపడానికి 1981లో కట్టారు. సముద్రం అడుగున ఫైబర్ కేబుళ్ళు పడ్డాక దానికి పని పోయింది. పాత ఇనుము కింద తూకానికి పోవాల్సిన ఆ డిష్‌ను ఘనా, దక్షిణాఫ్రికా ఇంజనీర్లు కలిసి, ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే రేడియో టెలిస్కోపుగా మార్చారు. 2017 ఆగస్టులో ఘనా అధ్యక్షుడు ప్రారంభించారు.

మార్చడమంటే కొత్త రిసీవరు బిగించడం ఒక్కటే కాదు. భూస్థిర ఉపగ్రహం ఆకాశంలో ఒకేచోట ఉంటుంది. దాన్ని చూసే డిష్ ఏళ్ళ తరబడి దాదాపు ఒకే వైపు తిరిగి కూర్చుంటుంది. నక్షత్రాన్ని మాత్రం ఉదయించింది మొదలు అస్తమించేదాకా వెంబడించాలి.

లెక్క చూడండి. నక్షత్రాలు పుట్టే మేఘాల్లోని మిథనాల్ అనే ఒక రకం ఆల్కహాల్ 6.7 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో సంకేతమిస్తుంది, తరంగదైర్ఘ్యం 4.5 సెంటీమీటర్లు. ఆ తరంగంలో 32 మీటర్ల డిష్‌కు ఒకసారి కనబడేది చందమామ వెడల్పులో ఐదోవంతు మేర. మోటారు ఆగితే, ఖగోళ మధ్యరేఖ, అంటే భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీత, దాని దగ్గరి చుక్క 24 సెకన్లలో ఆ మేర దాటిపోతుంది. గురి అందులో పదోవంతుకు మించి తప్పకూడదు. గేరు పళ్ళ మధ్య సందు పెరిగిందా, గాలి వీచినప్పుడల్లా డిష్ ఊగుతుంది, సంకేతం హెచ్చుతగ్గులవుతుంది. అనుభవం లేనివాళ్ళు నక్షత్రమే మారుతోందనుకుంటారు! డిష్ పలకలు కూడా అంతే. తరంగంలో ఇరవయ్యోవంతు, అంటే రెండు మిల్లీమీటర్ల పైచిలుకు, అంతకు మించి ఎగుడుదిగుడు ఉంటే సంకేతం చెదిరిపోతుంది.

కుంతున్సే డిష్ మిథనాల్ సంకేతాన్ని పట్టింది, గిరగిరా తిరుగుతూ లయగా రేడియో సంకేతాలు పంపే పల్సార్లనే నక్షత్రాలను చూసింది. గొప్ప విషయం. మరి దాని గేరుబాక్సులో నూనె ఎవరు మారుస్తారు? పదో ఏట ఎవరు మారుస్తారు?

ఇదేమీ చిన్న ప్రశ్న కాదు. దక్షిణాఫ్రికాలోని హార్టెబీస్ట్‌హోక్ 26 మీటర్ల డిష్‌ను 1961లో నాసా కోసం కట్టారు. 2008లో దాని బేరింగు ఒకటి విరిగింది. ఒక్క బేరింగు! మళ్ళీ పనిలోకి వచ్చేసరికి 2010 అయింది. అక్కడ అనుభవమున్న మనుషులు ఉన్నారు కనుక రెండేళ్ళలోపు లేచింది. ఆ మనుషులు లేనిచోట ఆ డిష్ ఇక లేవదు.

నా బాధ ఇక్కడే. పరికరానికి డబ్బు దొరుకుతుంది, రిబ్బను కత్తిరింపుకూ దొరుకుతుంది. విడిభాగాలకు, గ్రీజుకు, మెకానిక్ జీతానికి దొరకదు. అందుకే బ్రిటన్, దక్షిణాఫ్రికా కలిసి ఘనా, కెన్యా, జాంబియా సహా ఎనిమిది ఆఫ్రికా దేశాల యువతకు రేడియో ఖగోళశాస్త్రంలో ఇచ్చిన శిక్షణ నాకు డిష్ కన్నా విలువైనదనిపిస్తుంది. రిసీవరు రొదను, అంటే అందులోనే పుట్టే అనవసర సంకేతాన్ని, కొలవడం, డేటాలోంచి సెల్‌ఫోన్ అడ్డంకులను ఏరివేయడం వచ్చినవాళ్ళకు టెలికాంలో, ఉపగ్రహ రంగంలో పని దొరుకుతుంది. కడుపు నిండే దారి అదీ.

కేప్‌టౌన్ కార్యాలయం గురించి చెప్పాల్సింది మిగిలిపోయింది, సమయం అయిపోతోంది. ఈ సభలో ఊరి బడికి టెలిస్కోపు కొనిచ్చినవాళ్ళు, కొనివ్వబోయేవాళ్ళు ఉన్నారు. మీకొక మాట. ఫొటో దిగి వచ్చేయకండి. బడిలో ఇద్దరు టీచర్లకు నేర్పండి, ఒకరు బదిలీ అయినా రెండోవారుంటారు. స్టాండు మరలు రెండు జతలు అదనంగా ఇవ్వండి, ముందు పోయేవి అవే. వానాకాలం తేమకు కటకాలకు బూజు పడుతుంది. గట్టి మూత డబ్బాలో, తేమ పీల్చుకుని రంగు మారే రకం సిలికా జెల్ సంచులు వేసి పెట్టమనండి, రంగు మారగానే మార్చమనండి. ఆ సంచుల ఖర్చు మొదటి రోజే, టెలిస్కోపు బిల్లులోనే కలిపి రాయండి.