దిగుడులో మోటార్ టకటక: ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్‌లో ఏ చప్పుడు మామూలు, ఏది రిపేరు

నమస్కారం. ఎత్తు ఎక్కేటప్పుడు సన్నగా గుయ్‌మంటూ లాగిన మోటారే, దిగుడులో పెడల్ ఆపి రాళ్ల మీదికి వదలగానే టకటకా కొట్టుకుంటుంది. బాష్ పెర్ఫార్మెన్స్ లైన్ సీఎక్స్ నాలుగో తరం, షిమానో ఈపీ8 మోటార్లలో ఇది బాగా తెలిసిన చప్పుడే. లోపల ఏదో ఊడిపోయిందని భయపడి బండిని షాపుకి తోసుకెళ్లకండి. ముందు ఒక్కటి గమనించండి: చప్పుడు ఎలా ఉందని కాదు, ఎప్పుడు వస్తోందని.

అసలు ఎందుకొస్తుందో చూద్దాం. యూరప్ నిబంధనల ప్రకారం గంటకు 25 కిలోమీటర్లు దాటితే మోటార్ సాయం ఆగిపోవాలి. ఆ తర్వాత మన కాళ్లు మోటార్‌ని కూడా ఈడ్చాల్సి రాకుండా లోపల వన్-వే క్లచ్ (ఒకవైపే పట్టుకుని, రెండోవైపు వదిలేసే భాగం) ఉంటుంది. మనం పెడల్ ఆపినా అంతే, మోటార్ గేర్లు విడిపడి ఖాళీగా ఉంటాయి. గేరు పళ్ల మధ్య సన్నని సందు ఉండి తీరాలి, లేకపోతే అవి తిరగవు. లోడ్ ఉన్నంతసేపు పళ్లు ఒకవైపుకి ఒత్తుకుని ఉంటాయి కాబట్టి చప్పుడు ఉండదు. లోడ్ పోయాక రాయి తగిలిందా, ఆ అదురుకి పళ్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. పైగా వెనక సస్పెన్షన్ కుంగినప్పుడల్లా చైన్ బిగిసి ముందున్న పళ్ల చక్రాన్ని (చైన్‌రింగ్) కాస్త లాగి వదులుతుంది. బోలుగా ఉన్న ఫ్రేమ్, ముఖ్యంగా కార్బన్ ఫ్రేమ్, ఆ చిన్న చప్పుడుని డప్పులా పెంచుతుంది.

ఇప్పుడు పరీక్ష. కార్లు రాని, గతుకులున్న చిన్న దిగుడు చూసుకోండి. సాయం తక్కువ మోడ్‌లో పెట్టి, గంటకు 15 నుంచి 20 కిలోమీటర్ల వేగంలో ఒకసారి పాదాలు కదపకుండా దిగండి. రెండోసారి అదే దారిలో, వెనక చిన్న పళ్ల చక్రానికి గేర్ మార్చి, పెడల్ మీద చైన్ బిగిసేంత ఒత్తిడి మాత్రం ఉంచి నెమ్మదిగా తొక్కుతూ దిగండి. రెండోసారి టకటక పోయిందంటే అది మోటార్ క్లచ్ చప్పుడే. దానివల్ల మోటార్‌కి హాని లేదు, రిపేరూ లేదు. లోపల గ్రీజు నింపి ఆపేస్తామని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయండి. మోటార్ మూత తెరిస్తే వారంటీ పోతుంది, పళ్ల మధ్య సందు మాత్రం అక్కడే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో కూడా పోదు, ఎందుకంటే ఇది మెకానికల్ వ్యవహారం. 2024లో వచ్చిన బాష్ ఐదో తరం సీఎక్స్‌లో ఈ మోత బాగా తగ్గించారు, కానీ దీనికోసమే బండి మార్చడం నా లెక్కలో దండగ.

రెండోసారీ చప్పుడు అలాగే ఉందా? అయితే దొంగ వేరే చోట ఉన్నాడు. పాపం, చాలాసార్లు మోటార్ మీద పడే నింద కింద చెప్పే భాగాలది.

సిస్టమ్ ఆఫ్ చేసి బ్యాటరీ తీసేయండి. సీటు పట్టుకుని వెనక చక్రాన్ని ఓ జానెడు ఎత్తి వదలండి. బ్యాటరీ ఉన్నప్పుడు వచ్చిన చప్పుడు ఇప్పుడు పోతే, బ్యాటరీ వదులుగా ఉందన్నమాట. తాళం వైపు ప్లేటు సర్దుబాటు చేసుకునేలా ఉంటే దాన్ని కాస్త బిగించండి. లేదంటే బ్యాటరీ ఆనే చోట ఒక మిల్లీమీటర్ మందం రబ్బరు పట్టీ అంటించండి. ఇక్కడ అత్యాశ వద్దు. పట్టీ మందం ఎక్కువైతే తాళం సగమే పడుతుంది, బ్యాటరీ దిగుడులో కింద పడుతుంది. బిగించాక క్లిక్ వినపడిందో లేదో చూసుకుని, చేత్తో గట్టిగా లాగి చూడండి.

తర్వాత బ్రేక్ ప్యాడ్లు. దిగుడులో చప్పుడు వస్తుండగా బ్రేక్ లీవర్‌ని ప్యాడ్లు డిస్క్‌ని తాకేంత మాత్రమే నొక్కండి. చప్పుడు ఆగితే ప్యాడ్లే. అల్యూమినియం రెక్కలున్న ప్యాడ్లు వాటిని పట్టి ఉంచే క్యాలిపర్‌లో గలగలమనడం మామూలే. మధ్యలో ఉన్న స్ప్రింగ్ రేకుని కొద్దిగా విప్పార్చండి, అప్పటికీ తగ్గకపోతే రెక్కలు లేనివి వేయండి. పనిలో పనిగా డిస్క్ కూడా చూడండి. డిస్క్‌ని ఒకే పెద్ద రింగుతో చక్రానికి బిగించే సెంటర్‌లాక్ రకమైతే ఆ లాక్‌రింగ్ 40 న్యూటన్ మీటర్లకు బిగి ఉండాలి.

ఫ్రేమ్ లోపలి కేబుళ్లది పెద్ద గోల. హ్యాండిల్ దగ్గర కేబుళ్లను గుప్పిట్లో పట్టుకుని బండిని కుదపండి, చప్పుడు మారితే వాటిదే. గేర్, బ్రేక్, సీటు పోస్ట్ కేబుళ్లకు ఫోమ్ గొట్టం తొడగండి. మోటార్ దగ్గర వేడి, కదిలే భాగాలు ఉంటాయి కాబట్టి అక్కడికి ఫోమ్ జరగకుండా కట్టండి.

ఇక చైన్. వెనక గేర్లు మార్చే షిమానో డిరైలర్‌కి, చైన్ ఊగకుండా పట్టే క్లచ్ మీట ఉంటే (ఇది మోటార్ క్లచ్ కాదు), అది ఆన్ వైపు ఉందా? చక్రం తీసి బిగించాక దాన్ని మర్చిపోవడం ఎంత మామూలో! చైన్ పక్కన వెనక చక్రం దాకా వెళ్లే ఫ్రేమ్ గొట్టం (చైన్‌స్టే) మీద మెత్తటి రబ్బరు టేపు చుట్టండి. అనుమానం తీరకపోతే జాయింట్ లింక్ విప్పి చైన్ తీసేసి బండిని మళ్లీ ఎత్తి వదలండి, చప్పుడు అలాగే ఉంటే చైన్‌ని వదిలేయొచ్చు.

ఇప్పటిదాకా చెప్పినవి పెడల్ ఆపినప్పుడు వచ్చేవి. తొక్కుతున్నప్పుడు వచ్చేవాటి సంగతి వేరు, వాటిని వాయిదా వేయకండి.

క్రాంక్, అంటే పెడల్ బిగించే కడ్డీ, ఒక చుట్టు తిరిగితే ఒకసారి టక్‌మంటే, ముందు పెడల్, ఆ తర్వాత క్రాంక్ బోల్టులు. షిమానో క్రాంక్‌కి పక్క మూతను తేలిగ్గా బిగించి, రెండు బిగింపు బోల్టులను మార్చి మార్చి 12 నుంచి 14 న్యూటన్ మీటర్లకు తేవాలి. ఒకదాన్నే పూర్తిగా బిగించి రెండోదానికి వెళితే క్రాంక్ వంకరగా పట్టుకుంటుంది. గట్టిగా తొక్కినప్పుడు మోటార్ చుట్టూ కిర్రుమంటే, ఫ్రేమ్‌కి మోటార్‌ని పట్టి ఉంచే బోల్టులు వదులై ఉండొచ్చు. వాటిని ఉజ్జాయింపుగా బిగించకండి. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా), కంపెనీ మాన్యువల్ దగ్గరుంటేనే చేయి వేయండి, ఎందుకంటే ఏ వైపు ముందు బిగించాలన్న వరస కూడా ముఖ్యం.

క్రాంక్‌ని పట్టుకుని ఫ్రేమ్ వైపు, బయటికి అటూ ఇటూ కదపండి. క్రాంక్ బోల్టులు బిగిగానే ఉన్నా ఆట (వదులు) కనిపించినా, తొక్కుతుంటే ఇసుక నలిగినట్టు గరగరమన్నా, సాయం పెంచేకొద్దీ ఆ గరగర పెరిగినా బేరింగ్ లేదా గేరు దెబ్బతిని ఉండొచ్చు. అక్కడితో రైడ్ ఆపండి. ఎక్కువ ఒత్తిడి నీళ్ల గన్‌తో క్రాంక్ దగ్గర కడిగితే సీలు దాటి నీరు బేరింగ్‌లోకి పోతుంది, అది కూడా దీనికో కారణం.

మన దగ్గర తక్కువ ధరలో దొరికే బండ్లలో చాలావాటికి మోటార్ వెనక చక్రంలోనే ఉంటుంది. వాటికి పైన చెప్పిన క్లచ్ పరీక్ష పనికిరాదు. గేర్లున్న హబ్ మోటార్‌లో ప్లాస్టిక్ పళ్లు అరిగితే యాక్సిలరేటర్ తిప్పగానే గరగరమని, మోటార్ ఖాళీగా తిరిగి చక్రం కదలదు. ఆ గేర్ల సెట్టు విడిగా దొరుకుతుంది, మోటార్ మొత్తం మార్చాల్సిన పని లేదు.

సర్వీస్‌కి తీసుకెళ్లేటప్పుడు చప్పుడుని ఫోన్లో రికార్డ్ చేసుకోండి. ఫోన్ జేబులో వద్దు, వెనక ఎవరైనా పట్టుకుని తీస్తే మోటార్ దగ్గరి చప్పుడు తేటగా వస్తుంది. ఏ మోడ్, ఎంత వేగం, తొక్కుతూనా ఆపా అన్నది కాగితం మీద రాసి బండితో పాటు ఇవ్వండి. షాపు లోపల స్టాండ్ మీద పెట్టి తిప్పితే చాలా చప్పుళ్లు అసలు వినపడవు.