ఒక్కగానొక్క కొడుకులు, నిర్బంధ సైనిక సేవ

అందరికీ నమస్కారం. పొద్దున్నే హనుమకొండలో గ్రౌండ్‌కు వాకింగ్‌కు వెళ్లేవాళ్లకు తెలుసు, ఆర్మీ ర్యాలీ కోసం పిల్లలు 1600 మీటర్లు ఎట్లా ఉరుకుతారో. మొన్న ఒక తండ్రి కొడుకు చెప్పులు ఒక చేతిలో, నీళ్ల సీసా ఇంకో చేతిలో పట్టుకొని ట్రాక్ పక్కన నిలబడ్డాడు. పరకాల దిక్కు నుంచి వచ్చారట. "ఒక్కడే సార్. పోతనంటున్నడు. ఆపబుద్ధి కాదు, పంపబుద్ధి కాదు" అన్నాడు.

మన దగ్గర సైన్యంలో చేరడం ఎవరిష్టం వాళ్లది. దక్షిణ కొరియాలో ఆరోగ్యంగా ఉన్న మగపిల్లలంతా వెళ్లాల్సిందే, ఆర్మీ అయితే 18 నెలలు. అక్కడ 2023లో పుట్టిన పిల్లలు సుమారు 2,30,000. మగపిల్లలు లక్షా పద్దెనిమిది వేలు అనుకుందాం. 2043లో వాళ్లకు ఇరవై ఏళ్లు వస్తాయి. ఒక్కరినీ వదలకుండా తీసుకున్నా, ఏడాదిన్నర సేవ కాబట్టి బ్యారక్‌లలో ఒకేసారి ఉండేది లక్షా డెబ్బై ఏడు వేల మందే. ఇంటికి వెళ్లి మీరే లెక్క వేసి చూడండి. సరిహద్దు అవతల ఉత్తర కొరియా సైన్యం పది లక్షలకు పైనే అని అంచనా.

కొరియా ఊరికే కూర్చోలేదు. ఒకప్పుడు ఒంటి నిండా పచ్చబొట్లు ఉంటే పక్కన పెట్టేది, ఇప్పుడు వాళ్లనూ తీసుకుంటోంది. నిర్బంధ సేవలో ఉన్న సార్జెంట్ జీతం 2025లో నెలకు 15 లక్షల వోన్లు చేసింది. అయినా 2019లో 5,60,000 దాకా ఉన్న సైన్యం 2025 నాటికి 4,50,000కు వచ్చింది. తైవాన్ అయితే 2024 నుంచి నాలుగు నెలల సేవను ఏడాది చేసింది. నెలలు పెంచితే బ్యారక్ నిండుతుంది, నిజమే. కానీ ఆ నెలలు ఎవరి చదువులోంచి, ఎవరి ఉద్యోగంలోంచి తీస్తున్నాం? ఉన్న ఆ కొద్దిమంది పిల్లల నుంచే కదా!

నార్వే 2015లో ఆడపిల్లలనూ ఈ చట్టంలోకి తెచ్చింది. ముందు అందరి వివరాలూ ఆన్‌లైన్‌లో అడుగుతుంది, సేవకు తీసుకునేది మాత్రం ఒక చిన్న భాగాన్నే. ఎవరికి ఇష్టముందో కూడా చూస్తుంది. డెన్మార్క్ 2025 జూలై నుంచి అమ్మాయిలను కలుపుకుంది. నా మట్టుకు నాకు, నిర్బంధ సేవ ఇట్లా ఏరుకునే పద్ధతిలోనే బతుకుతుంది. మగపిల్లలందరినీ తీసుకుపోయే పాత పద్ధతి ఇంకో తరం నిలవదు. పెద్ద సైన్యం కావాల్సిన కొరియాకు ఏరుకునే వీలూ తక్కువే, అందుకే దాని కష్టం అందరికంటే పెద్దది.

మా నాన్న వాళ్లు ఆరుగురు అన్నదమ్ములు. ఒకరు పటాలానికి పోతే నాగలి పట్టడానికి ఐదుగురు మిగిలారు. ఇప్పుడు తెలంగాణలో ఒక్కో తల్లికి సగటున ఇద్దరు పిల్లలు కూడా లేరు. మనకు నిర్బంధం లేకపోయినా, ఇంటికొకరిని పంపాలనే చట్టం తేవాలని కోరేవాళ్లు ఆ ట్రాక్ పక్కన ఒక పూట నిలబడాలి.

ఆ రోజు పిల్లవాడు రొప్పుకుంటూ వచ్చి నేల మీద కూలబడ్డాడు. తండ్రి టైమ్ ఎంతొచ్చిందని అడగలేదు. వంగి, చెప్పులు వాడి కాళ్ల దగ్గర పెట్టాడు.