అడుగున ఉన్న అక్షరాలు

శ్రోతలకు నమస్కారం.

ఈసారి సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు చూడ్డానికి వచ్చిన పక్కింటి పిల్ల, కొండపల్లి అంబారీ ఏనుగు పక్కనున్న తెల్లబొమ్మను చూపించి "అమ్మమ్మగారూ, ఈవిడ ఏ దేవత?" అంది. దేవత కాదమ్మా, దేవదూత అన్నాను. నాలుగంగుళాల పింగాణీ పిల్ల. రెక్కల అంచులకు బంగారుపూత, బుగ్గలకు గులాబీరంగు, గౌను మీద ఆవగింజంత నీలంరాయి.

చికాగో దగ్గర మా అమ్మాయి వాళ్ల వీధిలో ఒక ఇంటివాళ్లు పాత సామాను అమ్మకానికి పెడితే మూడు డాలర్లకు కొన్నాను. "ఊరగాయ జాడీలు తెచ్చి, రెక్కల బొమ్మలు పట్టుకెళ్తున్నారా అత్తయ్యా" అని మా అల్లుడు నవ్వాడు. ఆ ఒక్కటీ ఇప్పుడు తొమ్మిదైంది.

1950, 60 దశకాల్లో అమెరికాలో ఈ పుట్టినరోజు దేవదూతలను నెలకొకటి చొప్పున పన్నెండు చేసి అమ్మేవారు. పిల్ల ఏ నెలలో పుడితే ఆ బొమ్మ కానుక. నెలను బట్టి చేతిలో పువ్వో, గౌనుకు రాయో ఉంటుంది. జనవరికి గార్నెట్ అనే ఎర్రరాయి, మే నెలకు పచ్చ, జులైకి కెంపు, సెప్టెంబరుకు నీలం. మన నవరత్నాలకు గ్రహాలు దిక్కు. వాళ్ల రాళ్ల జాబితాను మాత్రం 1912లో అమెరికా నగల వ్యాపారులే కూర్చుని ఖరారు చేసుకున్నారు. బొమ్మలకు అంటించినవి ఎలాగూ గాజురాళ్లే లెండి.

బొమ్మ దొరికితే ముందు ముఖం చూడకండి, తిరగేసి అడుగు చూడండి. చిన్న చిల్లు కనిపిస్తుంది. పలచటి మట్టిజావను ప్లాస్టర్ అచ్చులో పోస్తే, ప్లాస్టర్ నీళ్లు పీల్చుకుని గోడల వెంట మట్టి పేరుకుంటుంది. మిగతా జావ ఒంపేస్తారు. లోపల డొల్ల. బట్టీలో వేడెక్కిన గాలి బయటికి పోవడానికే ఆ చిల్లు. చేతులూ రెక్కలూ విడిగా పోసి, అదే జావతో అతికిస్తారు. విరిగితే మొదట విరిగేది అక్కడే.

చిల్లు పక్కన అక్షరాలుంటాయి. 'మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్' అని ఉంటే, అది రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాన్ అమెరికా, దాని మిత్రదేశాల సైన్యాల ఏలుబడిలో ఉన్నప్పుడు, అంటే 1952 ఏప్రిల్‌కు ముందు తయారైన సరుకు. ఉత్త 'జపాన్' అనే ఉంటే తొందరపడి తేల్చకూడదు. ఆ రోజుల్లోనూ కొన్నిటికి అలాగే వేశారు. కొన్నిటికి లెఫ్టన్ అనో నాప్కో అనో కాగితపు చీటీ అంటించి ఉంటుంది. అవి తెప్పించి అమ్మిన అమెరికా కంపెనీలు. లెఫ్టన్ అంటే హంగరీ నుంచి వలసవచ్చి చికాగోలో వ్యాపారం పెట్టిన మనిషి.

నన్ను పట్టుకున్నది ఆ 'జపాన్' అన్న మాటే. నగోయా దగ్గర సెతో అనే ఊరుంది. ఎగుమతి బొమ్మలకు పేరుపడ్డ ఊరు. జపాన్‌లో చాలాచోట్ల పింగాణీ సామానును 'సెతోమోనో', అంటే సెతో సరుకు, అనే పిలుస్తారు. ఇక అక్కడి పాతకాలపు వయసు లెక్క వినండి. పుట్టగానే బిడ్డకు ఒక ఏడు. కొత్త సంవత్సరం రాగానే ఊరంతటికీ ఒకేసారి ఇంకో ఏడు. డిసెంబరు 31న పుట్టిన పసిగుడ్డుకు మర్నాటికల్లా రెండేళ్లు! పుట్టినరోజును బట్టే వయసు చెప్పుకోవాలన్న చట్టం 1950 జనవరి 1న అమల్లోకి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడి చేతులు ఎక్కడో ఉన్న పిల్లల పుట్టిననెలల కోసం ఈ కనుబొమలు దిద్దాయి. నా సెప్టెంబరు పిల్లకు ఎడమ కనుబొమ కాస్త పైకి పోయింది. అందుకే ఆవిడంటే నాకు ముద్దు.

కొనేటప్పుడు కళ్లను నమ్ముకోకండి, వేలిని నమ్ముకోండి. నేను ఫోటో చూసి తెప్పించిన మే బొమ్మకు, తీరా చూస్తే, రెక్క అతికించి ఉంది. గోరుతో రాస్తే గరుకు తగిలింది, అతినీలలోహిత దీపం కింద పెడితే జిగురు తెల్లగా వెలిగింది. అమ్మినాయన ఉలకలేదు పలకలేదు. ఇంకో మాట, బంగారుపూతను సబ్బుపెట్టి తోమకండి. అది మెరుగు మీద తర్వాత వేసి, తక్కువ వేడిలో కాల్చింది. రుద్దితే పోతుంది. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

"మరి మీ నెల బొమ్మ ఏది అమ్మమ్మగారూ?" అంది పక్కింటి పిల్ల. అక్కడే చిక్కు. బడిలో చేర్చినప్పుడు మాస్టారు జులై 1 అని రాసేశారు. మా అమ్మనడిగితే, "శ్రావణమాసం, రెండో శుక్రవారం, వాయనాలు ఇచ్చివచ్చేసరికి నొప్పులొచ్చాయి" అనేది. అంటే ఆగస్టు కావచ్చు. ప్రస్తుతానికి ఒక జులై బొమ్మ కంటబడింది. కెంపు ఊడిపోయి ఉంది, బేరం నడుస్తోంది.

సెలవు.