మేనరికం కాదు, ముడి వదులవడం

పెళ్లిళ్లలో, ఆసుపత్రి వరండాల్లో ఈ మాట వినీ వినీ ఓపిక పోయింది: "మేనరికం చేసుకున్నారు, అందుకే డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుట్టాడు." కాదండీ. మేనరికంలో భయం వేరే. లోపమున్న ఒకే జన్యువు అమ్మానాన్నలిద్దరి నుంచీ బిడ్డకు రావచ్చు. ఇక్కడ తేడా లెక్కలో ఉంది. జన్యువులను మోసే క్రోమోజోమ్‌లలో 21వది రెండుకు బదులు మూడు, మొత్తం 46కు బదులు 47. పారిస్‌లో 1959లోనే దీన్ని లెక్కపెట్టి చూపించారు.

ఆ మూడోది ఎలా వచ్చింది? మల్లెపూలు కట్టేటప్పుడు రెండు మొగ్గలు ఇటు, రెండు అటు పెట్టి ముడి వేస్తాం కదా. అండంలో 21వ జత అచ్చం అలాగే ఉంటుంది. అమ్మమ్మ వైపు క్రోమోజోమ్, దాని నకలు ఇటు. తాతయ్య వైపుది, దాని నకలు అటు. దారం కొహెసిన్ అనే ప్రొటీన్. విభజనలో ముందు ఈ రెండూ ఇటు, ఆ రెండూ అటు వెళ్లాలి. ఆ తర్వాత అండంలో ఒక్క మొగ్గే మిగలాలి.

నన్ను కట్టిపడేసింది ఇదీ: ఆ ముడి పడేది ఆడపిల్ల ఇంకా తల్లి కడుపులో ఉండగానే! అంటే నేను పుట్టిన అండానికి ముడి పడింది మా అమ్మమ్మ కడుపులో. అండం 20 ఏళ్లకు విడుదలైనా, 40 ఏళ్లకు విడుదలైనా అదే దారం. మధ్యలో కొత్త దారం చుట్టడం దాదాపు ఉండదని ఎలుకల మీద ప్రయోగాల్లో తేలింది. దారం వదులైతే మొగ్గలు తప్పు వైపుకి జారతాయి, ఒకటి ఉండాల్సిన చోట రెండు చేరతాయి. డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుట్టే అవకాశం 25 ఏళ్ల తల్లికి సుమారు 1,250 కాన్పుల్లో ఒకటి, 40 ఏళ్లకు సుమారు 100లో ఒకటి. కొన్నిసార్లు తండ్రి వైపు నుంచీ వస్తుంది. చిన్న వయసులోనూ ముడి జారొచ్చు.

బొప్పాయి తిన్నావని, గ్రహణంలో బయట తిరిగావని కోడలిని ఏడిపించేవాళ్లు వినాలి. చాలావరకు ఆ పొరపాటు గర్భం నిలవకముందే జరిగిపోయింది.

టైమ్ అయిపోతోంది, ఇలా క్రోమోజోమ్ లెక్క తప్పే మిగతావి గబగబా. అమ్మాయికి రెండు ఎక్స్ క్రోమోజోమ్‌లకు బదులు ఒక్కటే ఉంటే టర్నర్ సిండ్రోమ్, మొత్తం 45. అబ్బాయికి ఎక్స్ ఒకటి ఎక్కువైతే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్, 47. 16వ క్రోమోజోమ్ అన్ని కణాల్లో మూడైతే గర్భమే నిలవదు. తొలి మూడు నెలల గర్భస్రావాల్లో సుమారు సగానికి కారణం ఇలాంటి క్రోమోజోమ్ తేడాలే. ఫలదీకరణ తర్వాత ముడి జారితే కొన్ని కణాల్లోనే తేడా, అది మొజాయిక్.

ఇంకొక్కటి. డౌన్ సిండ్రోమ్ ఉన్న 100 మందిలో మూడు నలుగురికి అదనపు 21 వేరే క్రోమోజోమ్‌కి అతుక్కుని ఉంటుంది. అది తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చి ఉండొచ్చు. అందుకే బిడ్డ కార్యోటైప్ (క్రోమోజోమ్‌లను లెక్కపెట్టి చూసే పరీక్ష) రిపోర్టు జాగ్రత్తగా దాచుకోండి, అందులో 'ట్రాన్స్‌లొకేషన్' (ఈ అతుకు) అని ఉంటే ఇంకో బిడ్డను కనేముందు మీరిద్దరూ అదే పరీక్ష చేయించుకోండి.