2012 నాటి 50ఎక్స్ జూమ్ కెమెరా ఇప్పుడు కొనొచ్చా?

నమస్తే అండి. ముందు ఒక్క క్షణం ఈ చప్పుడు వినండి. జ్‌జ్‌జ్... లెన్స్ బయటికి వస్తోంది. ఇంకా వస్తోంది. హమ్మయ్య, ఆగింది. ఇదండీ కెనాన్ పవర్‌షాట్ ఎస్‌ఎక్స్50 హెచ్‌ఎస్. 2012లో వచ్చింది. లెన్స్ చూపు పెద్ద కెమెరాల లెక్కలో 24 ఎంఎం నుంచి మొదలై 1200 ఎంఎం దాకా వెళ్తుంది, అంటే 50 రెట్ల జూమ్. సెకండ్ హ్యాండ్‌లో 7,500 పెట్టి తీసుకున్నాను. డబ్బు దండగ అని ఇంట్లో ఇంకా అంటూనే ఉన్నారు. వాళ్ల మాట సగం నిజమే.

ఆ సగం ముందు చెప్పేస్తాను. ఇంట్లో పుట్టినరోజు ఫంక్షన్‌కి దీన్ని బయటికి తీయకండి. ట్యూబ్‌లైట్ వెలుగులో ఐఎస్ఓ, అంటే వెలుగు చాలనప్పుడు కెమెరా పెంచుకునే అంకె, 800 దాటిందంటే మొహాల మీద ఇసుక చల్లినట్టు ఉంటుంది. ఆ పని మీ జేబులో ఉన్న ఫోన్ ఇంతకంటే బాగా చేస్తుంది. వీడియో ఫుల్ హెచ్‌డీలో సెకనుకు 24 ఫ్రేములే, ఫోర్‌కే లేదు. వైఫై లేదు, కార్డు తీసి రీడర్‌లో పెట్టుకోవాల్సిందే. ఇక కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్... 2 లక్షల చుక్కల చిన్న తెర. కన్ను పెడితే పాత పోర్టబుల్ టీవీ చూస్తున్నట్టే ఉంటుంది.

మరి ఎందుకు కొన్నానంటారా? ఈ ఫోటో చూడండి.

ఇది ఉప్పలపాడు. గుంటూరు పక్కనే ఉంది కదా, పక్షులు గూళ్లు కట్టుకునే చెరువు ఉన్న ఊరు. గట్టు మీద నిలబడితే పక్షులన్నీ చెరువు మధ్యలో చెట్ల మీద ఉంటాయి. ఫోన్‌తో తీస్తే తెల్లటి చుక్కలే వచ్చాయి. ఇక్కడ ఎర్రకాళ్ల కొంగ చూడండి, పెయింటెడ్ స్టార్క్ అంటారే, అదే. తోక దగ్గర ఆ గులాబీ రంగు ఈకలు విడివిడిగా కనిపిస్తున్నాయా? గూట్లో పిల్ల నోరు తెరిచి ఉంది, అది కూడా దొరికింది. ఉదయం ఏడున్నర, ఎండ నా వీపు వైపు. ఐఎస్ఓ 200, ట్రైపాడ్ లేదు. మోచేతులు గట్టు గోడకు ఆనించానంతే.

ఇంత చిన్న కెమెరాకి అంత దూరం ఎలా అందుతుందంటే, కిటుకంతా సెన్సర్‌లో, అంటే వెలుగును ఫోటోగా మార్చే చిప్‌లో ఉంది. అది చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. కాబట్టి లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ 215 ఎంఎం ఉంటే చాలు, 1200 ఎంఎం అంత దగ్గరగా చూపిస్తుంది. అదే చూపు లెన్సులు మార్చుకునే పెద్ద డీఎస్ఎల్ఆర్ కెమెరాకి కావాలంటే లెన్స్ మోయడానికే ఒక మనిషి కావాలి. రాత్రి ఫోటోలు పాడుచేసేదీ ఆ చిన్న సెన్సరే, పగలు పక్షిని దగ్గరికి తెచ్చేదీ అదే.

ఇక నాకు బాగా నచ్చిన బటన్ ఒకటి. లెన్స్ పక్కన ఎడమ వైపు చూడండి. ఫుల్ జూమ్‌లో పక్షి ఫ్రేమ్‌లోంచి తప్పించుకుంటే మళ్లీ వెతకడం ఎంత చిరాకో తీసేవాళ్లకే తెలుస్తుంది. ఈ బటన్ నొక్కి పట్టుకుంటే జూమ్ వెనక్కి వచ్చి, తెర మీద ఒక గడి చూపిస్తుంది. పక్షిని ఆ గడిలోకి తెచ్చి వేలు తీసేయండి, జూమ్ మళ్లీ యథాస్థానానికి వెళ్తుంది. ఎగిరే పక్షికి మాత్రం ఆశ పెట్టుకోకండి, ఫోకస్ అందుకునేసరికి అది పక్క ఊరికి చేరిపోతుంది.

చందమామ సంగతి కూడా చెప్పాలి. ఆటోలో పెడితే తెల్లటి ఇడ్లీలా వస్తుంది. మాన్యువల్‌కి మార్చి ఐఎస్ఓ 100, లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే ఎఫ్ అంకె 6.5, షటర్ సెకనులో 250వ వంతు పెట్టి చూడండి. నిండు పున్నమి కన్నా అష్టమి నాడు బాగుంటుంది. వెలుగు, చీకటి కలిసే అంచు దగ్గర గుంటల నీడలు పడతాయి. రా ఫైల్, అంటే కెమెరా దిద్దకుండా ఉంచే ఫైల్, తీస్తే తర్వాత ఇంకాస్త సరిచేసుకోవచ్చు.

మరి ఇప్పుడు కొనొచ్చా అంటే, పక్షులో, చందమామో, పగటిపూట దూరంగా ఉన్నది ఏదైనానో తీసే పిచ్చి ఉంటే కొనండి. అది లేకపోతే ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

కొనేటప్పుడు నాలా మోసపోకండి. నాకొచ్చిన బ్యాటరీ ఉబ్బిపోయి, లోపలి నుంచి ఊడిరావడానికి పావుగంట పట్టింది. దీని బ్యాటరీ ఎన్‌బీ-10ఎల్, కొత్తది దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి. కెమెరా చేతికి రాగానే లెన్స్‌లోకి టార్చ్ కొట్టి బూజు ఉందేమో చూడండి. తర్వాత ఒక ఐదారుసార్లు ఈ చివర నుంచి ఆ చివరకు జూమ్ చేయండి. ఇందాక మీరు విన్నారే, ఆ జ్‌జ్‌జ్ చప్పుడు ఒకేలా రావాలి. మధ్యలో ఎక్కడైనా కరకరమంటే పర్సు బయటికి తీయకండి.