గీత దాటి వచ్చిన గోల్‌కీపర్: లెవ్ యాషిన్

(విశాఖపట్నంలో కుర్ర గోల్‌కీపర్ల శిక్షణ శిబిరం చివరి రోజు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. కోచ్‌లకి, పిల్లల్ని తీసుకొచ్చిన తల్లిదండ్రులకి, ముందు వరసలో ఇంకా గ్లవ్స్ తియ్యకుండా కూర్చున్న మీ అందరికీ.

పొద్దున నేను వచ్చేసరికి పక్క గ్రౌండ్‌లో పిల్లలు జట్లు విడదీసుకుంటున్నారు. "నువ్వు గోలీ నిలబడరా" అని ఒక అబ్బాయితో అన్నారు. వాడి ముఖం వాడిపోయింది. ఈ మాట నేను యాభై ఏళ్లుగా వింటున్నాను. కంచరపాలెంలో విన్నాను, మల్కాపురంలో విన్నాను, బీచ్‌లో చెప్పులు పోస్టులుగా పెట్టుకుని ఆడే ఆటలోనూ విన్నాను. పరుగెత్తలేనివాడికి, అందరికంటే చిన్నవాడికి, వీధిలోకి కొత్తగా వచ్చినవాడికి గోల్ అప్పగిస్తారు. అది శిక్ష లాంటిదని అందరికీ తెలుసు. అందుకే ఈ రోజు లెవ్ యాషిన్ గురించి చెబుదామనుకున్నాను.

యాషిన్‌ది మాస్కో. కానీ ఆయన పేరు నేను విన్నది మన ఊళ్లోనే. బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామిని మీరంతా ఎక్కి చూసే ఉంటారు. అది సోవియట్ యూనియన్‌లో తయారైంది. మన ఉక్కు ఫ్యాక్టరీ కట్టడానికీ సోవియట్ ఇంజనీర్లు వచ్చారు, కొందరు కుటుంబాలతో ఇక్కడే ఏళ్ల తరబడి ఉన్నారు. అప్పుడు నేను కొత్తగా చేరిన ఫిట్టర్‌ని. సాయంత్రం షిఫ్ట్ దిగాక ఆడేవాళ్లం, నేను గోల్‌లో నిలబడేవాణ్ని. ఒక రోజు తల నెరిసిన రష్యన్ పెద్దాయన ఒకాయన నా గోల్ వెనక వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు ఏమీ అనకుండా చూశాడు. ఆట ఆగినప్పుడు లోపలికి వచ్చి, నా రెండు భుజాలు పట్టుకుని ముందుకు నడిపించాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అడుగులు. అక్కడ ఆపి, "యాషిన్" అన్నాడు. ఆ ఒక్క మాటే. ఆయనకి మన భాష రాదు, నాకు రష్యన్ రాదు.

ఆ ఆదివారమే విశాలాంధ్ర పుస్తకాల షాపుకి వెళ్లి పాత 'సోవియట్ భూమి' సంచికలు తిరగేశాను. ఒక బొమ్మ దొరికింది. నల్లటి జెర్సీ, తల మీద గుడ్డ టోపీ, గాల్లో అడ్డంగా తేలుతున్న పొడుగాటి మనిషి. ఆ జెర్సీ నిజానికి చాలా ముదురు నీలం రంగట, చూసేవాళ్లకి నల్లగా కనిపించేది. అందుకే 'నల్ల సాలీడు' అన్నారు.

ఆయన 1929 అక్టోబర్ 22న మాస్కోలో కార్మికుల ఇంట్లో పుట్టారు. యుద్ధం వచ్చింది. ఆడుకునే వయసులోనే చదువు ఆపి ఫ్యాక్టరీలో చేరారు. చేసిన పని ఫిట్టర్ పని. అది చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం మీకు చెప్పలేను. ఫ్యాక్టరీ జట్టుకే ఆడడం మొదలుపెట్టారు. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి మనసు పూర్తిగా అలిసిపోయింది. పనికి వెళ్లడం మానేశారు, ఇంట్లోంచి వెళ్లిపోయారు. ఆ రోజుల్లో అక్కడ పనికి ఎగ్గొట్టడం నేరం. తెలిసినవాళ్లు సైన్యంలో చేరమని సలహా ఇచ్చారు. అక్కడ ఆడుతుండగా డైనమో మాస్కో క్లబ్బు కోచ్ అర్కాదీ చెర్నిషోవ్ కంట్లో పడ్డారు. డిప్రెషన్ అనే మాట యాషిన్ వాడారో లేదో కానీ, ఆ కుర్రాడు పడింది అదే. తల్లిదండ్రులు ఇక్కడ ఉన్నారు కాబట్టి ఈ సంగతి దాటవెయ్యకుండా చెబుతున్నాను.

డైనమోలో మొదలు ఎలా జరిగిందో చూడండి. 1950లో ఒక స్నేహపూర్వక మ్యాచ్. అవతలి గోల్‌కీపర్ అంత దూరం నుంచి బంతిని పైకి కొట్టాడు. గాలికి అది తేలుతూ వచ్చింది. పట్టుకుందామని యాషిన్ ముందుకు ఉరికారు, తన జట్టు డిఫెండర్‌నే గుద్దుకున్నారు, బంతి వెళ్లి గోల్‌లో పడింది. ఒక గోల్‌కీపర్ కొట్టిన బంతికి ఇంకో గోల్‌కీపర్ గోల్ తిన్నాడు! ఆ తరవాత కొన్నేళ్లు రిజర్వ్ జట్టులోనే. ముందున్నది అలెక్సీ ఖోమిచ్, 'టైగర్' అని పేరున్న గోల్‌కీపర్. ఆయన ఉండగా చోటు ఎలా వస్తుంది? ఆ ఖాళీలో యాషిన్ ఐస్ హాకీలో గోల్ కాశారు, 1953లో డైనమోతో సోవియట్ కప్పు కూడా గెలిచారు. మంచు మీద పక్ అనే అంత చిన్న రబ్బరు బిళ్ల అంత వేగంగా వస్తుంటే చూసిన కళ్లకి ఫుట్‌బాల్ పెద్దగా కనిపించి ఉంటుందని నా ఊహ.

ఆ 1950 గోల్‌కి కారణం ఏమిటి? గీత వదిలి ముందుకు రావడం. మరొకరైతే ఇక జన్మలో గీత వదిలేవారు కాదు. నేనైతే వదిలేవాణ్ని కాదు. యాషిన్ వదిలారు. జీవితమంతా వదులుతూనే ఉన్నారు.

ఇది ఎందుకు పెద్ద విషయమో పిల్లలకి చెప్పాలి. పోస్టుకీ పోస్టుకీ మధ్య 7.32 మీటర్లు, బార్ ఎత్తు 2.44 మీటర్లు. గీత మీద నిలబడి ఎంత చేతులు చాచినా రెండు పక్కలా బోలెడు ఖాళీ ఉంటుంది. బంతి కొట్టేవాడి కళ్లతో చూడండి. మీరు నాలుగు అడుగులు ముందుకొస్తే వాడికి మీరు పెద్దగా కనిపిస్తారు, మీ వెనక గోల్ చిన్నదైపోతుంది. వల బయట నిలబడి కాయడం అంటే ఇదే. ఆ రోజుల్లో ఎక్కువమంది గోల్‌కీపర్లు పోస్టుల మధ్య నిలబడి షాట్ కోసం ఎదురుచూసేవారు. యాషిన్ గోల్ ముందున్న పెనాల్టీ ఏరియా మొత్తం తనదే అన్నట్టు తిరిగారు. దాటి బయటికి వచ్చి బంతిని తన్నేసేవారు. గుంపులో బంతిని పట్టుకోవడం కష్టమనిపిస్తే పిడికిలితో కొట్టేసేవారు. అప్పటి బంతి తోలుది, వానలో తడిస్తే బరువెక్కి జారుతుంది. ఆపిన వెంటనే చేత్తో దూరంగా విసిరి అక్కడి నుంచే దాడి మొదలుపెట్టేవారు. ఇంకా, మ్యాచ్ అంతా అరుస్తూనే ఉండేవారు. డిఫెండర్లకి వెనక కళ్లుండవు, ఆ కళ్లు గోల్‌కీపర్‌వే. మీలో చాలామంది నోరు విప్పరు, వారం రోజులుగా చూస్తున్నాను. ఇదంతా యాషిన్ ఒక్కరే కనిపెట్టారని చెప్పను. అదే కాలంలో హంగరీ గోల్‌కీపర్ గ్రోసిచ్ కూడా ముందుకొచ్చి ఆడారు. కానీ గోల్‌కీపర్ ఇలా కూడా ఉండొచ్చని ఎక్కువమందికి చూపించింది యాషినే.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టు ఫైనల్లో యుగోస్లావియాని 1-0తో ఓడించి బంగారం గెలిచింది. అదే ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి సెమీఫైనల్‌కి వెళ్లి నాలుగో స్థానంలో నిలిచింది. కోచ్ హైదరాబాద్ రహీం సాబ్. ఆ జట్టులోని గోల్‌కీపర్లలో ఒకరు హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్. ఈ పేరు మీరు రాసుకోండి, మళ్లీ వస్తాను.

1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ సోవియట్ మీద 2-0తో గెలిచింది. పెలే, గరించా ఇద్దరికీ ప్రపంచ కప్‌లో అదే మొదటి మ్యాచ్. స్కోరు రెండు దగ్గర ఆగిందంటే యాషిన్ పుణ్యమే. 1960లో పారిస్‌లో మొట్టమొదటి యూరోపియన్ కప్ ఫైనల్, ఎక్స్‌ట్రా టైమ్‌లో యుగోస్లావియా మీద 2-1తో గెలుపు. ఇవన్నీ మీకు ఎక్కడైనా దొరుకుతాయి.

నేను ఎక్కువసేపు చెప్పాలనుకున్నది 1962 గురించి. చిలీలో ప్రపంచ కప్. కొలంబియాతో మ్యాచ్‌లో మొదటి పదకొండు నిమిషాల్లోనే సోవియట్ జట్టు 3-0 ముందుంది. తరవాత 4-1. ఆ మ్యాచ్ 4-4తో ముగిసింది! అందులో ఒకటి మార్కోస్ కోల్ కార్నర్ నుంచి నేరుగా కొట్టిన గోల్. పురుషుల ప్రపంచ కప్ చరిత్రలో అలాంటిది అదొక్కటే. క్వార్టర్ ఫైనల్లో చిలీ చేతిలో 1-2తో ఓటమి, రెండు గోల్సూ దూరం నుంచి కొట్టినవే. టీవీలో చూసే అవకాశం సోవియట్ జనానికి లేదు. పత్రికలో రాసింది చదివారు, తప్పంతా యాషిన్‌దే అనుకున్నారు. సొంత ఊళ్లో, సొంత స్టేడియంలో ఆయన పేరు చెబితే ఈలలు వేశారు. ఇంటి కిటికీ అద్దాలు పగలగొట్టారని చెబుతారు. వయసు ముప్ఫై రెండు. ఇక ఆయన పని అయిపోయిందన్నారు. ఆయనకీ అలాగే అనిపించింది. ఆట వదిలేసి పల్లెకి పోయి చేపలు పట్టుకుంటూ కూర్చున్నారు.

ఫార్వర్డ్ పది ఛాన్సులు పోగొట్టి పదకొండోది కొడితే భుజాల మీద ఎత్తుకుంటాం. గోల్‌కీపర్ పది ఆపి పదకొండోది వదిలితే ఆ ఒక్కటే ఏళ్ల తరబడి చెప్పుకుంటాం. ఈ అన్యాయం నాకు కోపం తెప్పిస్తుంది, దాచుకోను. చాలా ఏళ్ల కిందట ఒక ఫైనల్లో నా కాళ్ల మధ్య నుంచి బంతి వెళ్లింది. ఆ రాత్రి నిద్ర లేదు. తరవాత మ్యాచ్‌కి బస్సు ఎక్కాలంటే టెన్షన్‌తో కడుపులో తిప్పేది. తిన్న గోల్ గురించి బాధపడని వాడు గోల్‌కీపరే కాదని యాషిన్ అనేవారట. ఆ మాట చదివాక నా బాధ నాకు తప్పుగా అనిపించలేదు.

యాషిన్ నెమ్మదిగా తిరిగొచ్చారు. మరుసటి ఏడాది, 1963లో, డైనమో లీగ్ గెలిచింది. అక్టోబర్ 23న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం నూరేళ్ల పండగకి వెంబ్లీలో ఇంగ్లండ్‌కీ ప్రపంచ జట్టుకీ మ్యాచ్ జరిగింది. మొదటి సగం ప్రపంచ జట్టు గోల్‌లో నిలబడింది యాషిన్, ఒక్క గోల్ కూడా పడలేదు. నవంబర్‌లో రోమ్‌లో ఇటలీతో మ్యాచ్‌లో సాంద్రో మజ్జోలా కొట్టిన పెనాల్టీ ఆపారు. జీవితంలో ఆయన 150 పెనాల్టీలు ఆపారని చాలాచోట్ల రాస్తారు. ఆ అంకె పక్కన పెడదాం, రోమ్‌లోది ఒక్కటి చాలు. గగారిన్ అంతరిక్షంలో ఎగరడం చూసిన ఆనందం కంటే మంచి పెనాల్టీ ఆపిన ఆనందమే ఎక్కువని ఆయన అన్నారని చెప్పుకుంటారు. అప్పట్లో యూరప్‌లో ఆ ఏటి ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బాలన్ డోర్ ఆ ఏడాదే ఆయనకి ఇచ్చారు. 1956 నుంచి ఇస్తున్న ఆ బహుమతి ఇప్పటిదాకా అందుకున్న గోల్‌కీపర్ ఆయనొక్కరే. కిటికీ అద్దాలు పగిలిన మరుసటి ఏడాది!

ఇప్పుడు తంగరాజ్ దగ్గరికి వస్తాను. యాషిన్ చిలీ నుంచి తలదించుకుని వెళ్లిన కొన్ని నెలలకే, 1962 సెప్టెంబర్ 4న, జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. స్టేడియం నిండా మనకి వ్యతిరేకంగా అరుస్తున్న జనం. గోల్‌లో తంగరాజ్. మనం దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారం గెలిచాం. పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు. గోల్‌లో ఎవరున్నారని మన ఊళ్లో ఎంతమందిని అడిగినా చెప్పలేకపోయారు. సైన్యంలో చేరినప్పుడు ఆయన ఫార్వర్డ్, తరవాత గోల్‌కీపర్ అయ్యారు. 1967లో అర్జున అవార్డు వచ్చింది. 2008లో బొకారోలో పోయారు. అదీ సోవియట్ సాయంతో కట్టిన ఉక్కు ఊరే.

యాషిన్ 1966 ప్రపంచ కప్‌లో తన జట్టుని నాలుగో స్థానం దాకా తీసుకెళ్లారు. సోవియట్ జట్టు అంతకంటే పైకి ఎప్పుడూ వెళ్లలేదు. నలభై ఏళ్ల వయసులో 1970 మెక్సికో జట్టులోనూ ఉన్నారు. క్లబ్బు మాత్రం జీవితమంతా ఒక్కటే, డైనమో. చివరి రోజుల్లో ఒక కాలు తీసేశారు. 1990 మార్చి 20న పోయారు. ఆ నెలలోనే మన ఫ్యాక్టరీలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 'గోదావరి' వెలిగింది. మేమంతా ఆ హడావుడిలో ఉన్నాం. ఆయన పోయిన సంగతి నాకు చాలా రోజుల తరవాత తెలిసింది. చెప్పుకోవడానికి ఆ రష్యన్ పెద్దాయన అప్పటికే వెళ్లిపోయారు.

2019 నుంచి ప్రపంచంలో ఉత్తమ గోల్‌కీపర్‌కి ఇచ్చే బహుమతికి యాషిన్ పేరే పెట్టారు. జర్మనీ గోల్‌కీపర్ మాన్యుయెల్ నోయర్ సగం గ్రౌండ్ దాకా వచ్చి బంతి తన్నుతుంటే టీవీలో చూసి మీరు ఆశ్చర్యపోతారు. ఆ దారి మీద మొదట నడిచినవాళ్లలో ఈయన ఒకరు.

1971 మే 27న మాస్కోలో ఆయనకి వీడ్కోలు మ్యాచ్ పెట్టారు. లక్ష మంది వచ్చారు. అవతలి జట్టులో బాబీ చార్ల్‌టన్, గెర్డ్ ముల్లర్ లాంటివాళ్లు. రెండో సగంలో ఆట ఆపారు. యాషిన్ తన గ్లవ్స్ తీసి, తన చోట్లోకి వస్తున్న కుర్రాడు వ్లదీమిర్ పిల్గుయ్ చేతికిచ్చి బయటికి నడిచారు.

ఇంకా ఓ అరగంట వెలుగుంటుంది. పొద్దున గోలీ నిలబడిన అబ్బాయి వచ్చాడా? ముందు నువ్వే రా నాన్నా. మిగతావాళ్లు గోల్ వెనక నిలబడి చూడండి. ఆ నాలుగు అడుగులు ఎప్పుడు వెయ్యాలో గ్రౌండ్‌లో చూపిస్తాను.