40 నిమిషాలు దాటితే ఔట్: టెక్సస్ హైస్కూల్ నాటకాల పోటీ

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈవారం కబుర్లు టెక్సస్ హైస్కూల్ పిల్లల నాటకాల పోటీ గురించి. ఇక్కడ అందరూ వన్ యాక్ట్ ప్లే అంటారు, ఇంకా ముద్దుగా ఓ.ఏ.పీ. 1927లో మొదలైంది. ఇప్పుడు రాష్ట్రమంతా కలిపి వెయ్యికి పైగా స్కూళ్లు దిగుతాయి. మనతో ఉన్న అన్నయ్య గుంటూరు జిల్లాలో పరిషత్తు నాటకాలు ఆడి, ఆ తర్వాత ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. వాళ్లమ్మాయి హైస్కూల్లో ఈ పోటీకి పనిచేసింది. నమస్తే అన్నయ్యా.

అతిథి: నమస్తే అమ్మా. ముందే చెప్పేస్తున్నా, మా అమ్మాయి నటించలేదు. లైట్లు చూసింది. ఈ మాట అనగానే మనవాళ్లు "అయ్యో, వేషం రాలేదా?" అంటారు. అందుకే ముందే చెప్తున్నా.

హోస్ట్: నేనూ అదే అడగబోయాను! సరే, అసలు ఈ పోటీ ఎవరు పెడతారు?

అతిథి: యూ.ఐ.ఎల్. అని ఒక సంస్థ. పూర్తి పేరు యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం 1910 ప్రాంతంలో మొదలుపెట్టింది. హైస్కూల్ ఫుట్‌బాల్ నడిపేదీ వాళ్లే, బ్యాండ్ పోటీలు, వక్తృత్వం, లెక్కల పోటీలు నడిపేదీ వాళ్లే. నాటకం కూడా ఆ గొడుగు కిందే ఉంది. దాంతో ఏమైందంటే, ఆటకున్న కట్టుబాట్లన్నీ నాటకానికీ వచ్చాయి. రూల్ బుక్కు, గడియారం, అనర్హత, అన్నీ.

హోస్ట్: గడియారం సంగతి చెప్పండి. టైటిల్లో అదే పెట్టుకున్నాం.

అతిథి: నాటకం 40 నిమిషాలు దాటకూడదు. దాటితే మార్కులు తగ్గించడం కాదమ్మా, అసలు ర్యాంకే ఇవ్వరు, తర్వాతి రౌండుకి పంపరు. ఎంత గొప్పగా ఆడినా అంతే. మరీ చిన్నదైనా కుదరదు, 18 నిమిషాలైనా ఉండాలి. సెట్టు పెట్టడానికి 7 నిమిషాలు, ఎత్తేయడానికి 7 నిమిషాలు. ఒక స్కూలు దిగిపోయాక ఇంకో స్కూలు ఖాళీ స్టేజీ మీదికి వచ్చి, 7 నిమిషాల్లో మొత్తం పేర్చేసుకోవాలి. మా రోజుల్లో మేకప్ అయ్యేసరికే అర్ధరాత్రి అయ్యేది, తెర ఎప్పుడు లేస్తుందో దేవుడికే తెలియాలి.

హోస్ట్: మరి రెండు గంటల నాటకం తీసుకుంటే ఎలా?

అతిథి: కోయాలి. ఎక్కువ స్కూళ్లు చేసేది అదే. పెద్ద నాటకాన్ని తీసుకుని 40 నిమిషాలకి కుదిస్తారు. కానీ మన ఇష్టం వచ్చినట్టు కోస్తే ఒప్పుకోరు, హక్కులున్న ప్రచురణకర్త దగ్గర రాతపూర్వకంగా అనుమతి తేవాలి. ఇక కోసేవాళ్ల నేర్పు ఎక్కడ తెలుస్తుందంటే, సరిగ్గా 40కి కోయరు. రెండు మూడు నిమిషాలు మిగుల్చుకుంటారు. ఎందుకో చెప్పు?

హోస్ట్: పిల్లలు డైలాగ్ మర్చిపోతే?

అతిథి: అదీ ఉంది. కానీ అసలు భయం నవ్వులు. హాస్య నాటకమనుకో, రిహార్సల్లో ఎవరూ నవ్వరు. పోటీ రోజు హాలు నిండా జనం ఉంటారు, ప్రతి జోక్‌కీ నవ్వుతారు, నవ్వు ఆగేదాకా నటుడు ఆగాలి. ఆ సెకన్లన్నీ కలిసి నిమిషాలవుతాయి. జనం మెచ్చుకుంటున్న కొద్దీ లోపల స్టేజ్ మేనేజర్‌కి చెమటలు పడుతుంటాయి.

హోస్ట్: భలే తిరకాసు! సెట్టు ఎవరిది వాళ్లే తెచ్చుకుంటారా?

అతిథి: అది నాకు బాగా నచ్చిన రూలు. అందరికీ ఒకే సెట్టు. బూడిద రంగు దిమ్మెలు, మెట్లు, నిలువు స్తంభాలు, ఒక తలుపు, ఒక కిటికీ, ఇలాంటివి. పోటీ జరిగే చోటే ఉంటాయి. వాటినే అటూ ఇటూ మార్చి కోట కట్టుకుంటావో, వంటిల్లు కట్టుకుంటావో నీ ఇష్టం. బయటి నుంచి కొన్ని వస్తువులు తెచ్చుకోవచ్చు, వాటికీ పరిమితి ఉంది. దీంతో డబ్బున్న స్కూలు లక్షలు పోసి సెట్టు వేసి గెలిచే వీలు లేకుండా పోయింది. మా పరిషత్తుల్లో ఒక్కోసారి తెర లేవగానే సెట్టుకి చప్పట్లు పడేవి. ఆ సెట్టు వెనకాల నాటకం ఉందో లేదో తర్వాత చూసుకునేవాళ్లం.

హోస్ట్: హహ... ఎవరి నాటకమో చెప్పరు కదా!

అతిథి: చెప్పను తల్లీ. వాళ్లంతా ఫోన్ చేస్తారు.

హోస్ట్: టీమ్‌లో ఎంతమంది ఉండొచ్చు?

అతిథి: మా అమ్మాయి చేసినప్పుడు స్టేజీ మీద 15 మంది దాకా, వెనక క్రూలో 5 మంది. వాళ్లు కాక కొందరు ఆల్టర్నేట్లు, అంటే ఎవరైనా తప్పుకుంటే వాళ్ల బదులు దిగే పిల్లలు. ఈ ఆల్టర్నేట్లు ఎందుకో మొదట్లో నాకు అర్థం కాలేదు. జ్వరం వస్తే పనికొస్తారనుకున్నా. అసలు జ్వరం వేరే ఉంది, రిపోర్ట్ కార్డ్.

హోస్ట్: అంటే?

అతిథి: టెక్సస్‌లో 1984లో ఒక చట్టం తెచ్చారు, "నో పాస్ నో ప్లే" అంటారు. ఏ సబ్జెక్టులోనైనా 70 కన్నా తక్కువొస్తే యూ.ఐ.ఎల్. పోటీల్లో దిగడానికి కుదరదు. ఫుట్‌బాల్ వాళ్లకెంతో నాటకం వాళ్లకీ అంతే. కొన్ని అడ్వాన్స్‌డ్ కోర్సులకి మినహాయింపు ఉందనుకో. ఇప్పుడు ఊహించు, మూడు నెలలు రిహార్సల్ చేశావు, హీరో నువ్వే. పోటీ వారం ముందు ఆల్జీబ్రాలో 68 వచ్చింది. అంతే, నీ వేషం ఇంకొకడికి పోయింది. అందుకే డ్రామా టీచర్లు గ్రేడ్లు వచ్చే రోజున స్క్రిప్టు పట్టుకోరు, మార్కుల షీటు పట్టుకుంటారు.

హోస్ట్: మన అమ్మానాన్నలకి ఈ చట్టం వింటే ప్రాణం లేచొస్తుంది.

అతిథి: "చూశావా, చదువు ముందు!" అంటారు. కానీ నేనైతే ఇంకోలా చూశా. లెక్కలంటే గిట్టని పిల్లాడు నాటకం కోసం కూర్చుని లెక్కలు చేయడం కళ్లారా చూశాను. పక్కన కూర్చుని చెప్పిందెవరో తెలుసా, విలన్ వేషం పిల్ల.

హోస్ట్: పోటీ ఎన్ని రౌండ్లు?

అతిథి: పిల్లల సంఖ్యని బట్టి స్కూళ్లని 1ఏ నుంచి 6ఏ దాకా ఆరు వర్గాలు చేశారు. చిన్న ఊరి స్కూలు డాలస్ శివారు పెద్ద స్కూలుతో తలపడే పని లేదు. జోన్, డిస్ట్రిక్ట్, బై-డిస్ట్రిక్ట్, ఏరియా, రీజియన్, చివరికి స్టేట్. ప్రతి మెట్టు దగ్గరా కొద్దిమందే పైకి వెళ్తారు. స్టేట్‌కి వచ్చేసరికి ఒక్కో వర్గంలో ఎనిమిదే నాటకాలు. జోన్‌లో గెలిస్తే సంబరమే కాదు, మళ్లీ రిహార్సల్. అదే నాటకం, వేరే స్టేజీ, వేరే న్యాయనిర్ణేతలు.

హోస్ట్: అవార్డుల దగ్గరికి వద్దాం. మన దగ్గరైతే ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ నటుడు, ఉత్తమ నటి, ప్రతినాయకుడు, హాస్యనటుడు, ఆహార్యం, సంగీతం, రంగాలంకరణ... షీల్డులు మోయలేక ఆటో పిలవాలి.

అతిథి: ఇక్కడ అన్ని లేవు. బెస్ట్ పెర్ఫార్మర్, ఆల్‌స్టార్ కాస్ట్, ఆనరబుల్ మెన్షన్, తెర వెనక పిల్లలకి టెక్నీషియన్ అవార్డు. ఇవి వ్యక్తులకి. స్కూలు పైకి వెళ్లడం వేరే లెక్క. ఆ రెండిటికీ ముడి లేదు. బెస్ట్ పెర్ఫార్మర్ మీ పిల్లే అయినా మీ నాటకం అక్కడే ఆగిపోవచ్చు. అప్పుడు ఆ పిల్ల చేతిలో మెడల్, పక్కన ఏడుస్తున్న జట్టు. ఆ మొహం చూస్తే ప్రైజు వచ్చిందో, శిక్ష పడిందో అర్థం కాదు.

హోస్ట్: మరి వ్యక్తిగత అవార్డులు తీసేస్తే పోదా?

అతిథి: తీసేయకూడదు. పదహారేళ్ల పిల్లకి "నువ్వు బాగా చేశావు" అని బయటివాళ్లు చెప్పడం చిన్న విషయం కాదు. కానీ ఆ అవార్డుల తర్వాత ఇంకోటి ఉంటుంది. నా లెక్కలో దాని ముందు మెడల్ ఎందుకూ పనికిరాదు. క్రిటీక్ అంటారు, అంటే విమర్శ. ఫలితాలు చెప్పేశాక న్యాయనిర్ణేత ఒక్కో జట్టునీ కూర్చోబెట్టుకుని వాళ్ల నాటకం గురించి మాట్లాడతారు. ఓడిన జట్టుతో కూడా. ఏ సీన్‌లో గొంతు వినబడలేదు, ఎక్కడ లైటు ముందే ఆరిపోయింది, ఎందుకు నమ్మలేకపోయారు, అన్నీ మొహం మీదే.

హోస్ట్: మార్కులు చూపించరా?

అతిథి: మార్కులు ఉండవు. వరస పెట్టడమే, ఫలానాది మొదటిది, ఫలానాది రెండోది అని. ఒక్కోచోట ఒక్కరే జడ్జి, ఒక్కోచోట ముగ్గురు. వీళ్లకి శిక్షణ ఇచ్చి, గుర్తింపు ఇచ్చే సంస్థ వేరే ఉంది, టీ.టీ.ఏ.ఓ. అని. ఒకసారి జడ్జి మా వాళ్లతో, "మూడో సీన్‌లో లైటు నెమ్మదిగా దిగడం చాలా బాగుంది, కానీ మీ హీరో ఆ చీకట్లో కూడా ఇంకా నటిస్తున్నాడు, మాకు కనపడలేదు" అన్నాడు. దారంతా వాడూ మా అమ్మాయీ తగువే. నువ్వు ముందు ఆపావంటే, నువ్వు ఆలస్యం చేశావని.

హోస్ట్: ఎవరిది తప్పు?

అతిథి: డైరెక్టర్‌ది! ఇద్దరికీ వేరే వేరే కౌంట్ ఇచ్చాడు.

హోస్ట్: మన పరిషత్తుల్లో ఈ పద్ధతి ఉండేదా?

అతిథి: 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్ పెట్టారు. మనకీ పోటీ నాటకం ఎప్పట్నుంచో అలవాటే, ఆ విషయంలో మనం ఎవరికీ తీసిపోం. నేను ఆడినచోట్ల మాత్రం ఫలితాలు చదవగానే జడ్జిలు కారెక్కేవాళ్లు. ఎందుకు ఓడామో టీకొట్టు దగ్గర మాకు మేమే ఊహించుకునేవాళ్లం. సగం పుకార్లు, సగం కోపం. ఒక్క అరగంట కూర్చోబెట్టి చెప్పుంటే మా జట్టు ఇంకో రెండేళ్లు ఎక్కువ ఆడేదేమో.

హోస్ట్: ఇప్పుడు పరిషత్తులు నడిపేవాళ్లు ఎవరైనా వింటుంటే?

అతిథి: షీల్డులు రెండు తగ్గించండి, జడ్జిల కారు గంట ఆలస్యంగా బుక్ చేయండి. అంతే అడుగుతున్నా.

హోస్ట్: టెక్సస్‌లో ఉన్నవాళ్లు చూడాలంటే?

అతిథి: ఫిబ్రవరి చివర్లో, మార్చిలో జోన్ పోటీలు మొదలవుతాయి. మీ పిల్లలు లేకపోయినా మీ దగ్గర్లో ఎక్కడ జరుగుతోందో కనుక్కుని వెళ్లండి. వరసగా అన్ని నాటకాలూ చూడొచ్చు. స్టేట్ ఏప్రిల్‌లో. కానీ నా మాట విని జోన్‌కే వెళ్లండి, తడబడే నాటకాలు అక్కడే ఉంటాయి. నాటకం ఎలా తయారవుతుందో తెలిసేది తడబడినప్పుడే. ఒక్క విషయం, ఫోన్ ఆపేసి కూర్చోండి. అక్కడ పిల్లలకన్నా ముందు తల్లిదండ్రుల్నే బయటికి పంపిస్తారు.